మామగారి చెవి

ఈ ఇంట్లో నా మాటకు ఎదురు చెప్పనిది ఒక్క మామగారే. ఏం చెప్పినా చివరిదాకా తలూపి "అలాగేనమ్మా" అంటారు. మా ఆయనకు నా మాట పూర్తిగా వినే ఓపిక లేదు. అత్తగారికి ఉన్నంతకాలం అసలు వినే అలవాటే లేదు. అందుకే మామగారంటే నాకు ప్రాణం.

ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. బస్సు గేటు దాటి వస్తుండగానే, కన్నెత్తి చూడకుండా, దాని జబ్బేమిటో చెప్పేవారట. ఈ సంగతి మాకు చెప్పింది కూడా ఆయనే. పొడవాటి స్క్రూడ్రైవర్ ఇంజనుకు ఆనించి, పిడి చెవి వెనక పెట్టుకుని వినే మెకానిక్‌లంటే ఆయనకు చులకన. బంగారం లాంటి చెవులుండగా ఆ ఇనప కడ్డీ ఎందుకని, తన స్క్రూడ్రైవర్‌ని ఏనాడో గోడకు తగిలించేశారు.

మాకో పాత కారుంది. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దానిమీదే. వేసవి మొదలైనప్పటినుంచి స్టార్ట్ చేస్తే చాలు, కీచుమంటోంది. ఎత్తు ఎక్కేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదికి పోయి కూర్చుంటోంది. రోడ్డు పక్కన బానెట్ ఎత్తి, ఆవిర్లు తగ్గేదాకా నిలబడటం నాకు అలవాటైపోయింది. దాన్ని వదిలించుకుని కొత్తది కొందామని మా ఆయన మహా ఉత్సాహంగా ఉన్నాడు. కొత్తది వస్తే తాళం తన జేబులోంచి బయటికి రాదని నాకు తెలుసు. అప్పుడు నేను ఎక్కడికి వెళ్ళాలన్నా ఆయన తీరిక కోసం చూడాలి.

కారు అమ్మొద్దని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండని మామగారిని అడిగాను. "అలాగేనమ్మా" అన్నారు. సాయంత్రం మా ఆయన అదే వరండాలో నిలబడి, అమ్మేద్దామా అని అడిగాడు. "అలాగేరా" అన్నారు. వంటింట్లోంచి విన్న నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే మామగారిని కారు దగ్గరికి తీసుకెళ్ళి ఇంజన్ స్టార్ట్ చేశాను. వీధంతా వినేలా కీచుమంది. ఎదురింటి పిల్లి గోడ దూకి పారిపోయింది. మామగారు కళ్ళు మూసుకుని, తల పక్కకు వాల్చి, శ్రద్ధగా విన్నారు.

"తేడా చప్పుడేం లేదమ్మా. ఇంజన్ నిక్షేపంలా ఉంది."

నిక్షేపంలా ఉండి కూడా ఉడికిపోతోందంటే ఇక దానికి మందే లేదనీ, కొనేవాణ్ణి రేపు రమ్మన్నాననీ, ఆ కీచుకు బయటికొచ్చిన మా ఆయన అన్నాడు. కోపం పట్టలేక లోపలికెళ్ళి, గోడకున్న స్క్రూడ్రైవర్ తెచ్చి మామగారి చేతిలో పెట్టాను. అవమానించాలనే పెట్టాను. ఆయన మొహం మాడ్చుకున్నారు గానీ, కొడుకు ఎదురుగా నిలబడి చూస్తుంటే వెనక్కి ఇవ్వలేకపోయారు. కొనను ఒక్కోచోట ఆనిస్తూ, పిడిని చెవి వెనక ఎముకకు అదిమి, నీళ్ళ పంపు దాకా వచ్చారు. అక్కడ ఉలిక్కిపడ్డారు.

"ఇది ఎప్పటినుంచి అరుస్తోందమ్మా?"

వేసవి మొదట్నించీ అన్నాను. ఆయన చూపు నా పెదవుల మీద ఉంది. మళ్ళీ నెమ్మదిగా చెప్పాను.

"మీ అందరికీ వినబడుతోందా?"

తలూపాను. పంపు బేరింగ్ పోయిందనీ, నీళ్ళు సరిగా తిరగక ఇంజన్ వేడెక్కుతోందనీ, పంపు మారిస్తే చాలనీ ఆయన చిన్న గొంతుతో చెప్పారు. ఆ గొంతు అంత చిన్నదవడం నేనెప్పుడూ వినలేదు. చాలా జాలేసింది. ఆ వెంటనే ఇంకొకటి తట్టింది. ఇన్నేళ్ళుగా ఆయన నాకు చెప్పిన ఆ "అలాగేనమ్మా"లన్నీ ఏమిటి మరి?

పంపు మార్చాక ముల్లు మధ్యలోనే నిలబడింది. కొనేవాడు ఉత్తచేతులతో వెళ్ళిపోయాడు. మామగారికి చెవి మిషన్ పెట్టించాం. ఆ సాయంత్రం ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఎత్తు రోడ్డు ఎక్కిస్తూ, మా ఆయన మీద నాకున్న బాధంతా వెళ్ళబోసుకున్నాను. ఆయన పూర్తిగా విన్నారు. కాసేపు ఆలోచించారు కూడా.

"ఇందులో తప్పు నీదేనమ్మా."

నేను మొహం ముడుచుకుని గేరు మార్చాను. కారు చప్పుడు చేయలేదు. అలాగే పైదాకా వెళ్ళి, వెనక్కి తిప్పుకుని కిందికి దిగాం. అప్పుడు మామగారు నా మొహం వైపు ఒకసారి చూసి, చెవి మిషన్ తీసి చొక్కా జేబులో వేసుకున్నారు.

"ఇప్పుడు చెప్పమ్మా."

మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాను.