ఏడుపుకి చాలని ఊపిరి

ఏడవడంలో ఆమెను మించినవాళ్లు ఆ డబ్బింగ్ స్టూడియోలో లేరు. సీరియల్లో పెద్దకోడలు గుమ్మం పట్టుకుని ఏడ్చినా, పక్కింటి పిల్ల పరీక్ష తప్పి ఏడ్చినా, కన్నతల్లి ఫోను చెవిన పెట్టుకుని కుప్పకూలినా, తెర మీద కన్నీళ్లు ఎవరివైనా గొంతు మాత్రం ఈమెదే. అందుకే అక్కడ ఆమెను అసలు పేరుతో ఎవరూ పిలవరు, కన్నీళ్లక్క అంటారు. ఏడుపుల్లో రకాలన్నీ ఆమెకు కొట్టిన పిండి. గుమ్మం ఏడుపు వేరు, ఫోను ఏడుపు వేరు, ఆస్పత్రి ఏడుపు వేరు. సౌండ్ ఇంజనీరు అద్దం అవతలి నుంచి "అక్కా, ఆస్పత్రి ఒకటి" అంటే చాలు, పక్కగదిలోంచి కుర్చీ తెచ్చి వేసినంత సులువుగా ఏడ్చి పెట్టేది. డైరెక్టరు "ఏడ్చినట్టుంది" అంటే అది తిట్టో మెచ్చుకోలో తెలియక అందరూ కాసేపు నవ్వుకునేవాళ్లు.

ఇంత పేరున్న మనిషికి వచ్చిన కష్టమేమిటంటే, నొప్పి అని చెబితే నమ్మేవాళ్లు లేకపోవడం.

నొప్పులు రెండు. కుడివైపు కిడ్నీలో రాయి, ఎడమవైపు అండాశయం మీద సిస్టు అనే నీటితిత్తి. స్కాను చూసిన డాక్టరమ్మ రాయి చిన్నదేననీ, సిస్టు దానంతటదే తగ్గిపోవచ్చనీ, నీళ్లు బాగా తాగమనీ చెప్పి పంపేసింది. స్కానులో చిన్నగా కనిపించేవి లోపల ఎంత పెద్దవో ఆవిడకెలా తెలుస్తుంది? రాయి నొప్పి వస్తే మనిషి ఒక చోట నిలవలేదు. గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరగాలి, గోడకు తల ఆనించాలి, మళ్లీ తిరగాలి. సిస్టు నొప్పి అలాంటిది కాదు. అది వచ్చిందంటే మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని కదలకుండా పడుకోవాలి, దగ్గు వస్తే ప్రాణం పోయినట్టుంటుంది. ఒకటి తిరగమంటుంది, ఇంకొకటి కదలొద్దంటుంది. చెరో మాట చెప్పే ఇద్దరు పెద్దవాళ్ల మధ్య కొత్తకోడలి పరిస్థితి ఆమెది.

నీళ్ల సంగతి మరీ అన్యాయం. మైకు ముందు నిలబడేవాళ్లు పని ఉన్న రోజు నీళ్లు తాగడానికి భయపడతారు. కడుపులో గుడగుడమంటే మైకు పట్టేస్తుంది. ఒకసారి ఎవరో చనిపోయే సీనులో ఈమె పొట్ట చప్పుడుకి ఇంజనీరు పగలబడి నవ్వాడు, సీను మళ్లీ మొదటికొచ్చింది. ఆ సిగ్గుతో ఏళ్ల తరబడి గొంతు తడుపుకోవడమే తప్ప కడుపునిండా నీళ్లు తాగింది లేదు. రాయి ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలుసు. సరే, ఇప్పుడైనా తాగుదామంటే నిండిన పొత్తికడుపు సిస్టు మీద బరువు పెడుతుంది. రాయికి మంచిది చేస్తే సిస్టు ఊరుకోదు.

మొదట్లో అక్కకి ఫోన్ చేసి చెప్పింది. అమ్మ పోయాక ఆమెకు జడ వేసి, ఫీజు కట్టి, పెద్ద చేసింది అక్కే. "నొప్పి తట్టుకోలేకపోతున్నానక్కా" అని నిజంగానే వెక్కింది. అవతల అక్క స్పీకరు పెట్టింది కాబోలు, బావ గొంతు వినిపించింది. "ఇది ఏ సీరియల్లోది, మరదలా?" పిల్లలు విరగబడి నవ్వారు. "పిన్నీ, ఇంకోసారి" అని అడిగారు. ఆమె కూడా నవ్వేసింది. తర్వాతిసారి జాగ్రత్తపడి మామూలు గొంతుతో చెప్పింది. దానికి అక్క, "నొప్పున్నదానివి ఇంత చక్కగా ఎలా మాట్లాడతావే? గ్యాసు అయ్యుంటుంది. టైముకి తిను" అంది. ఏడిస్తే నటన, ఏడవకపోతే గ్యాసు. ఇక ఎలా చెప్పాలో తెలియక చెప్పడం మానేసింది.

అప్పటి నుంచి నొప్పి వస్తే తలుపు గడియ పెట్టుకునేది. వేడినీళ్ల సంచి నింపి కుడివైపు పెట్టుకుని, మంచానికీ కిటికీకీ మధ్య తిరిగేది. ఎడమవైపు లాగితే ఆ సంచినే అటు మార్చుకుని ముడుచుకునేది. నొప్పి పోయాక ముఖం కడుక్కుని, ఎదురుగా ఎవరో ఉన్నట్టు "ఆ, తగ్గిపోయింది" అని పైకే అనేది. అక్క మీద కోపం కాదు, బెంగ. ఒక్క మనిషి ఒక్కసారి "అవునా" అని నమ్మితే సగం నొప్పి తగ్గిపోతుందని ఆమెకు అనిపించేది.

ఆ రోజు పురిటి నొప్పుల సీను. తెర మీద నిండు గర్భిణి మంచం అంచు పట్టుకుని అరుస్తోంది. కన్నీళ్లక్క హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు ముందు నిలబడింది. పొద్దున్నుంచి ఎడమవైపు లాగుతూనే ఉంది. సరిగ్గా ఎర్ర లైటు వెలిగేసరికి ఆ లాగుడు కాస్తా ఎవరో తడిబట్ట పిండినట్టు మెలితిరిగింది. ఒళ్లంతా చెమట పట్టింది. తెర మీద అమ్మాయి నోరు తెరిచింది, ఈమె కూడా తెరిచింది. శబ్దం రాలేదు.

"అక్కా, అరుపు ఏదీ?" అన్నాడు ఇంజనీరు.

మళ్లీ వేశారు. ఈసారి చిన్న నిట్టూర్పు లాంటిది వచ్చింది.

డైరెక్టరు మైకులోకి వంగి, "అమ్మా, ఇది నొప్పిలా లేదు. ఎక్కడో మెట్లెక్కి వచ్చినట్టుంది. కొంచెం నొప్పి పెట్టండి" అన్నాడు.

ఏడుపుకి గాలి కావాలి. నొప్పి వస్తే ముందు పోయేది గాలే. ఇన్నేళ్లు ఆ గదిలో ఏడ్చిన మనిషికి ఆ సంగతి ఆ క్షణంలో తెలిసింది. మైకు స్టాండు పట్టుకుని, నొప్పి కాస్త వదులయ్యే దాకా ఆగి, దొరికిన గాలినంతా కూడగట్టుకుని, రోజూ అరిచే అరుపే అరిచింది. "సూపర్" అన్నారు అద్దం అవతల. ఆమె హెడ్‌ఫోన్లు తీసి స్టూలు మీద పెట్టి, గోడ పట్టుకుని బయటికొచ్చి, టాక్సీ ఎక్కి ఆస్పత్రి పేరు చెప్పింది.

అత్యవసర విభాగంలో డ్యూటీ డాక్టరు కుర్రవాడు. "నొప్పి పదిలో ఎంతండీ?" అని అడిగాడు.

"తొమ్మిది" అంది. అలవాటు పోలేదు, ప్రతి అక్షరం విడివిడిగా, స్పష్టంగా వచ్చింది. కుడివైపు రాయి, ఎడమవైపు సిస్టు అని వివరంగా కూడా చెప్పింది. అతను ఆమె ముఖం కేసి ఒకసారి చూసి, రాయి నొప్పే అయ్యుంటుందని ఒక ఇంజెక్షన్ చేయించి, "కాసేపు బెంచీ మీద కూర్చోండి, పిలుస్తాం" అన్నాడు.

బెంచీ మీద కూర్చోలేకపోయింది, లేవలేకపోయింది. ఇప్పుడు కుడివైపు కూడా మొదలైంది. తిరుగుదామంటే ఎడమవైపు చంపేస్తోంది, ముడుచుకుందామంటే కుడివైపు ఒప్పుకోవడం లేదు. నిచ్చెన మీంచి పడిన మేస్త్రీ ఒకాయన చేయి పట్టుకుని బొబ్బలు పెడుతూ వస్తే వెంటనే లోపలికి తీసుకెళ్లారు. పాపం, ఆయన నొప్పి ఆయనది. కానీ ఆమెకు ఏడుపు రాకపోగా కడుపు మండిపోయింది. ఇలా మర్యాదగా కూర్చుంటే ఇక్కడే పోతానని భయం వేసింది.

సిగ్గు వదిలేసింది. రెండు నొప్పుల మధ్య చిక్కిన చిన్న సందులో గాలి పీల్చి, ఆస్పత్రి ఏడుపు ఎత్తుకుంది. సీరియల్లో వారానికోసారి ఏడ్చేదే. కింద నుంచి మొదలై, మధ్యలో విరిగి, పైకి వెళ్లి తెగిపోయే ఏడుపు. కారిడారు మొత్తం తిరిగి చూసింది. స్ట్రెచరు వచ్చింది, నర్సులు వచ్చారు, కుర్ర డాక్టరు పరిగెత్తుకొచ్చాడు.

సరిగ్గా అప్పుడే ఎవరినో చూడటానికి వచ్చిన ఒక పెద్దావిడ, "ఈ గొంతు మన సీరియల్లో పెద్దకోడలిది కదూ" అంది.

నర్సు చేతిలో సూది ఆగిపోయింది. "మీరు యాక్టరా?"

"గొంతు ఇస్తాను" అంది ఆమె.

డాక్టరు ముఖం ముడుచుకుంది. "ఏంటండీ ఇది? వెనక ఎంతమంది ఉన్నారో చూశారా?"

ఇంట్లో జరిగిందే ఇక్కడా జరుగుతోంది. ఆమె స్ట్రెచరు కడ్డీ పట్టుకుని, మామూలు గొంతుతో అంది. "ఏడుపు కావాలని ఏడ్చిందే, డాక్టర్ గారూ. ఏడవకముందు మీరు రాలేదు. నొప్పి మాత్రం నేను తెచ్చి పెట్టుకున్నది కాదు. ఒక్కసారి చెయ్యి వేసి చూడండి."

అతను విసుగ్గానే ఎడమవైపు పొట్ట మీద చేయి వేసి నొక్కాడు. ఆమె నోరు తెరుచుకుంది. శబ్దం లేదు. కాలి వేళ్లు వంకర్లు పోయాయి, కళ్లు పైకప్పు మీద నిలిచిపోయాయి. అతను చేయి తీసేసి, "స్కాను, వెంటనే" అన్నాడు నర్సుతో. ఆ మాటలో ఇందాకటి విసుగు లేదు.

సిస్టు బరువుకి అండాశయం మెలిపడిపోయింది. ఇప్పుడే ఆపరేషన్ చేయకపోతే అది దక్కదు, ప్రాణానికీ ప్రమాదమే అన్నారు. మీ వాళ్లెవరైనా రావాలి అన్నారు. ఆమె అక్క నంబరు చెప్పింది. నర్సు ఫోను పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లి మాట్లాడి, ఇబ్బందిగా తిరిగొచ్చింది.

"మీ అక్కగారు నవ్వుతున్నారండీ. నర్సు గొంతు బాగా చేశావే, కొత్త సీరియలా అని అడిగి పెట్టేశారు."

ఆమె పెన్ను కోసం చేయి చాపింది. వాళ్లు చూపించిన చోట తనే సంతకం పెట్టింది. చేతి గాజులు తనే తీసి నర్సుకి ఇచ్చింది. ఆపరేషన్ గది దాకా ట్రాలీ పక్కన నడిచేవాళ్లు ఎవరూ లేరు. ట్రాలీ తోసే అతను మాత్రం మలుపు దగ్గర "చేతులు లోపల పెట్టుకోండమ్మా" అన్నాడు. అంతకన్నా ఆప్యాయమైన మాట ఆ రోజు ఆమె వినలేదు.

కళ్లు తెరిచేసరికి పక్కన ఏడుపు వినిపించింది. ఇది ఏ రకం ఏడుపో గుర్తుపట్టడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది, ఎందుకంటే ఇంత అడ్డదిడ్డంగా స్టూడియోలో ఎవరూ ఏడవరు. అక్క. అనుమానం వచ్చి ఆస్పత్రి నంబరుకి తిరిగి ఫోన్ చేసిందట. ముక్కు ఎర్రబడి, జుట్టు రేగి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"నాకెందుకు చెప్పలేదే? ఇంత నొప్పి పెట్టుకుని ఒక్కదానివే... నాకెందుకు చెప్పలేదే?"

చెప్పానక్కా అనే మాట నాలుక దాకా వచ్చింది. ఆ ముఖం చూసి అనలేకపోయింది. సెలైను లేని చేత్తో అక్క వీపు నిమిరింది. "ఊరుకో. అయిపోయిందిగా. ఊరుకో." ఆపరేషన్ అయింది ఈమెకి, ఓదార్పు అక్కకి. అక్క నెమ్మదించి, కళ్లు తుడుచుకుని, అండాశయం దక్కిందని డాక్టర్లు చెప్పిన సంగతీ, బావ సిగ్గుపడి కింద కారులోనే కూర్చుండిపోయిన సంగతీ చెప్పడం మొదలుపెట్టింది.

ఆ మాటల మధ్యలో కుడివైపు రాయి కదిలింది.

రాయికి ఎవరూ ఆపరేషన్ చేయలేదు కదా, దాని చోట అది అలాగే ఉంది. మత్తుమందు దిగిపోతున్న కొద్దీ నొప్పి అలలా నెమ్మదిగా నడుం దగ్గర లేచి ముందుకు వచ్చింది. లేచి తిరగాలి, తిరగడానికి లేదు.

"అక్కా, నొప్పి వస్తోంది" అంది ఆమె.

"వస్తుందే మరి, కుట్లు కదా. నిమ్మళంగానే ఉన్నావుగా, కళ్లు మూసుకుని కాసేపు పడుకో" అని అక్క మళ్లీ బావ సంగతిలో పడింది.

ఆమె కళ్లు మూసుకుంది. ఇక మిగిలింది ఒకటే దారి. ఆస్పత్రి ఏడుపు ఒకటి ఏడిస్తే అందరూ వస్తారు. గాలి పీల్చబోయింది. పొట్టలోకి గాలి దిగగానే కుట్లు కత్తిలా కోశాయి. మళ్లీ ప్రయత్నించింది. గాలి గొంతు దగ్గరే ఆగిపోయింది. ఇన్నేళ్లు తనకు తిండి పెట్టిన ఏడుపు ఈ రోజు తనకే దొరకలేదు. దుప్పటి అంచు పిడికిట్లో బిగించి, మిగిలిన కొద్దిపాటి ఊపిరితో అంది.

"అక్కా. నన్ను చూడు."

అక్క మాట ఆపింది. చూసింది. చెల్లెలి పెదాలు తెల్లబడి ఉన్నాయి, నుదుటి చెమట చెవుల్లోకి కారుతోంది. కళ్లలో ఒక్క చుక్క లేదు. అక్క చాలాసేపేమీ చూడలేదు, లేచి చెప్పులు కూడా వేసుకోకుండా కారిడారులోకి పరిగెత్తింది.

బయట నర్సు గొంతు వినిపించింది. "కంగారు పడకండి, ఇందాకే కదా చూసి వచ్చాం. ఆవిడ ఏడుస్తున్నారా?"

"లేదండీ" అంది అక్క. "మా చెల్లి ఏడవట్లేదు. అందుకే రమ్మంటున్నా."