కామాలు పట్టిచ్చాయి

నోలీన్ చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతుంటే, డెస్మండ్ ఎప్పటిలాగే "రాసుకో నోల్స్" అంటూ వచ్చాడు.

లాన్‌సెస్టన్ ఊళ్లోని ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా పని పంపకం అదే. అతను చెబుతాడు, ఆమె రాస్తుంది. అతని వాక్యంలో కర్త ఉంటే క్రియ ఉండదు, రెండూ ఉంటే అర్థం ఉండదు. లేనిదల్లా ఆమే చేర్చాలి. కంప్యూటర్ ఫైళ్లకు ప్రమాణాలు నిర్ణయించే కమిటీలో మాత్రం డెస్మండ్ పాస్కో కలానికి మహా పదునని పేరు. విందుల్లో "మా ఆవిడ టైపింగ్‌లో దిట్ట" అని అతను మెచ్చుకున్నప్పుడల్లా, తనను ఎవరో స్టేప్లర్ పక్కన సర్దిపెట్టినట్టుండేది ఆమెకు.

ఈమధ్య ఆ కమిటీలో తగువంతా ఫైళ్లను దాచే తీరు గురించి. ఈరోజు దాచిన పత్రం ఇరవై ఏళ్ల తర్వాత ఎవరి కంప్యూటర్లోనైనా తెరుచుకోవాలంటే ఏ ఫార్మాట్‌ను ప్రమాణం చేయాలి? డెస్మండ్‌ది ఒక పెద్ద కంపెనీ ఫార్మాట్ పక్షం. ఆ కంపెనీకి సలహాదారు మరి. అందరూ కలిసి దిద్దే ఆన్‌లైన్ విజ్ఞానకోశంలో ఆ ఫార్మాట్ పేజీని తన పేరున్న ఖాతాతో పొగడ్తలతో నింపిస్తున్నాడు. నింపే చేతులు నోలీన్‌వి. సిగ్గేసి, అతను క్లబ్బుకు వెళ్లగానే 'బాండికూట్' పేరుతో సొంత ఖాతా తెరిచింది. మన పందికొక్కే మూతి సాగదీసుకుంటే ఎలా ఉంటుందో అలాంటి జంతువది. ఆ పేరుతో అబద్ధాలు తవ్విపారేసి, ఆధారాలు పెట్టేది. సాయంత్రం డెస్మండ్ బాండికూట్‌ను తిట్టిన తిట్లను మర్యాదలోకి మార్చి టైప్ చేసేది. మర్నాడు వాటికి తనే జవాబిచ్చేది. ఇలా గడిచిన మూడు నెలలూ బఠాణీలు ఒలుస్తూ పాటలు పాడింది. వినడానికి, రాత్రిళ్లే తిరిగే పొసమ్‌లు కూడా పట్టపగలు చెట్టు దిగి వచ్చేవంటారు. అందులో సగమైనా నిజమే.

ఇవాళ విజ్ఞానకోశం నిర్వాహకుల నోటీసు వచ్చింది. పాస్కో, బాండికూట్ ఒకరేనని అనుమానమట. ఇద్దరి కామాలూ ఒకే చోట పడుతున్నాయట. సంజాయిషీ ఇవ్వకపోతే రెండు ఖాతాలూ మూసేస్తారట.

"నేనూ ఆ పందికొక్కు వెధవా ఒకటేనా?" అన్నాడు డెస్మండ్. "బాగా రాస్తాడు, కాదనను. కానీ నా అంత కాదు. గట్టిగా ఒక జవాబు రాయి."

నోలీన్ ఇస్త్రీపెట్టె ఆపి కీబోర్డు ముందు కూర్చుంది. ఇన్నేళ్లలో తనవి అని చెప్పుకోదగ్గ వాక్యాలు ఆ మూడు నెలలవే. అవి పోతాయేమోనని వేళ్లు ఒక్క క్షణం ఆగాయి.

"డెస్మండ్ నా భర్త. అతనూ నేనూ ఒకరం కాము. అయినా రెండు వైపులా రాసింది నేనే. అది తప్పు. అతను కంపెనీ సలహాదారన్న సంగతీ ముందే ఇక్కడ చెప్పాల్సింది. ఇకమీద నా మాటలే నేను రాస్తాను. నా ఖాతా ఉంచడమో తీసేయడమో మీ ఇష్టం."

కింద మారుపేరు వదిలి, 'నోలీన్ పాస్కో' అని సంతకం పెట్టింది.

డెస్మండ్ ఆమె భుజం మీదుగా వంగి, సంతకం దాకా చదివాడు. "మరి నావెవరు రాస్తారు?" అన్నాడు.

నోలీన్ లేచి కుర్చీ అతనివైపు తిప్పింది.

"కూర్చో డెస్. అక్షరాలన్నీ ఎదురుగానే ఉన్నాయి."