వానలో తడవని కుక్క

నాకున్న పెద్ద భయం ఒక్కటే: మా పిల్లను కుక్క కరుస్తుందని. దొంగలు, జ్వరాలు, గ్యాసు సిలిండరు, అన్నీ దాని తర్వాతే.

అలాంటిది, బడిలో పిల్ల చేతికి ఓ బొమ్మల పుస్తకం ఇచ్చి పంపారు. వీధికుక్కను ఓ కుటుంబం తెచ్చి పెంచుకోవడమే కథ. ఏడో తరగతితో ఆగిన చదువు నాది. నేను ఒక్కో మాటా కూడబలుక్కుని చదివేలోపు మా పిడుగు ఆ పేజీలో బొమ్మను గీతగీతా మింగేసింది. మొదటి పేజీలో కుక్క వానలో తడుస్తుంది. రెండో పేజీలో పాప తువ్వాలు తెస్తుంది. మూడో పేజీలో అందరూ నవ్వుతుంటారు. అంతే, కుక్క ఇంటిదైపోయింది. పుస్తకాల్లో వాళ్లకేం, గచ్చు తుడిచేది వాళ్లు కాదుగా.

మా వీధిలో సైకిల్ షాపు ముందు ఓ గోధుమరంగు కుక్క పడుకుంటుంది. పిల్లకు అదే కావాలి. కానీ వాన లేదు. వాన పడందే రెండో పేజీ ఎలా వస్తుంది? నేను బట్టలు ఆరేస్తుంటే, చెంబుడు నీళ్లు పట్టుకెళ్లి నిద్రపోతున్న కుక్క మీద కుమ్మరించింది.

కుక్క కుయ్‌మంటూ షాపు మెట్ల కిందికి దూరింది. తువ్వాలు పట్టుకుని పిల్ల కూడా వెనకే దూరింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. పరిగెత్తి పిల్ల కాలు పట్టి లాగాను. ఆ కంగారులో కుక్క తోక తొక్కాను.

కరిచింది. నన్నే, పిక్క మీద. పిల్లకు గోటి గాటు కూడా పడలేదు.

"నువ్వు తొక్కావు, అది కరిచింది. చెల్లుకు చెల్లు," అంది మా అత్తయ్య, కుళాయి కింద నా కాలు సబ్బుతో కడుగుతూ.

"మీరెవరి వైపు అత్తయ్యా?"

"కాలు వైపు. కదపకు."

ఆసుపత్రిలో సూది వేసిన నర్సమ్మ, "కుక్కను కొన్నాళ్లు కనిపెట్టుకుని ఉండండి. దాని తీరు మారినా, చచ్చిపోయినా వెంటనే వచ్చి చెప్పండి. ఎక్కడికీ పోనివ్వకండి," అంది.

మొదట్నుంచీ కుక్కలంటే ప్రాణం పెట్టే మా ఆయనకు ఇంతకంటే తియ్యటి మాట ఎవరు చెప్తారు? సాయంత్రానికల్లా దాన్ని రొట్టెముక్కతో మాలిమి చేసి మా పెరట్లో కట్టేశాడు.

"నర్సమ్మ చెప్పింది కదే," అన్నాడు, నేను నోరు తెరవకముందే.

"నా మాట ఏనాడైనా ఇంత బుద్ధిగా విన్నావా?"

"అమ్మా, మూడో పేజీ వచ్చేసింది," అంది పిల్ల. "నవ్వు."

నేను నవ్వలేదు. తాడు అందనంత దూరంలో సుద్దముక్కతో గీత గీసి, దాటితే వీపు విమానం మోత మోగుతుందన్నాను. దాటలేదు. కాలివేళ్లు గీత మీద పెట్టుకుని కూర్చుని, కుక్కకు దాని కథే చదివి వినిపిస్తోంది. అది కొత్తల్లుడిలా తిని, మర్యాదగా పడుకుంటోంది. తిండీ నిద్రా లేనిది నాకే.

రేపు మళ్లీ సూదికి వెళ్లాలి. మా ఆయన వ్యాను తోలడానికి పోతాడు. ఇంట్లో మిగిలేది అత్తయ్య. ఆవిడ కూర్చుంటే కునుకు, పడుకుంటే గురక. ఇది చదివేవాళ్లలో మా పక్క వాటాలవాళ్లు ఎవరైనా ఉంటే, నేను తిరిగొచ్చేలోపు ఒక్కసారి మా పెరట్లోకి తొంగి చూడండి. కుక్క బాగానే ఉంది, దాని సంగతి వదిలేయండి. పిల్ల గీతకు ఇవతలే ఉందో లేదో చూడండి.