తక్కువ తన్నే తుపాకి

“ఆ పుల్లతో జింకను కొడతావా, దాని వీపు గోకుతావా?” అన్నాడు మా అన్నయ్య ఆర్వో, నా కొత్త తుపాకి సంచిలోంచి బయటికి రాగానే.

క్యాంపులో ఉన్న మిగతా ఇద్దరూ పకపకా నవ్వారు. ఒకడు అన్నయ్య అల్లుడు కర్ట్. రెండోవాడు మా నాన్న కాలం నుంచీ మాతో వేటకొచ్చే మెల్విన్. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా వచ్చీ రాగానే పోట్లాట ఎందుకని తుపాకిని గోడకున్న కొక్కేనికి తగిలించి, పొయ్యి దగ్గర చేతులు కాచుకున్నాను. మర్నాడు తెల్లవారితే జింకల వేట మొదలు. బయట మంచు అప్పటికే చీలమండ దాకా పడింది.

“నీ మంచికే చెప్తున్నా హిల్మా,” అన్నాడు అన్నయ్య మళ్ళీ. “243 రకం అంటే పిల్లకాయలకి వేట నేర్పించే తుపాకి. సన్న గుండు. జింకకి తగిలినా అది పారిపోయి ఏ చిత్తడిలోనో పడి చస్తే వెతికేదెవరు?”

“నేనే వెతుక్కుంటా. నిన్ను పిలిస్తే అప్పుడడుగు.”

“అబ్బో, గుండెకే జబ్బు గానీ నోటికి లేదు,” అన్నాడు మెల్విన్.

గుండె సంగతి చెప్పాలి. పోయిన చలికాలంలో నా గుండె, కొట్టుకోవాలా మానాలా అని ఆలోచనలో పడింది. పేస్‌మేకర్ పెట్టాలంది డాక్టరమ్మ. “ఏ చేత్తో రాస్తారు?” అని అడిగింది. “కుడి చేత్తో,” అన్నాను. వాడకం తక్కువున్న చేతివైపు పెడతారట. నిజమే చెప్పాను మరి! నేను పుట్టు ఎడమచేతి వాటందాన్ని. ఒకటో తరగతిలో టీచరు బెత్తం పెట్టి మరీ కుడి చేత్తో రాయించింది. ఆ రాత ఒక్కటే కుడి చేతిది. కట్టెలు కొట్టడం, చేప కోయడం, తుపాకి పేల్చడం అన్నీ ఎడమవైపే. తుపాకి ఏ భుజానికి ఆనిస్తావని ఆవిడ అడగలేదు, చెప్పాలని నాకూ తట్టలేదు. ఆపరేషన్ అయ్యి మెలకువ వచ్చి చూసుకుంటే, సరిగ్గా తుపాకి మడమ ఆనే చోటే, ఎడమ భుజం ఎముక కింద, చర్మం లోపల ఆ బిళ్ళ.

“పేలినప్పుడు తుపాకి వెనక్కి ఆ భుజం మీద తన్నిందంటే లోపల తీగ తెగిపోవచ్చు,” అంది డాక్టరమ్మ. “వేట మానెయ్యకూడదూ?”

మానేసి ఏం చెయ్యను? మా అమ్మ కూడా మొదట్లో వేటాడేది, ఆ తర్వాత బతికినంత కాలం ఈ క్యాంపులో వంటే చేసింది. ఒక్కసారి జ్వరమొచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది, ఇక ఆమెను జింక కోసం కాపు కాసే మంచె ఎక్కమన్నవాడు లేడు. ఇక్కడ ఒకసారి గరిటె చేతికొస్తే మళ్ళీ తుపాకి రాదు. అది చూసే, నాన్న బతికుండగానే తన మంచె నా పేరు చెప్పి నాకిచ్చాడు. దాన్ని వదులుకోవడం నా వల్ల కాదు.

అందుకని మంచు కరగగానే ఊళ్ళో తుపాకుల కొట్టు నడిపే డెల్మర్ దగ్గరికి వెళ్ళాను. కుడి భుజంతో కొత్తగా నేర్చుకోవాలన్నాను. కొట్టు వెనక ఖాళీ జాగాలో ఒక్కొక్కటే చేతికిచ్చాడు. నాన్న కాలం నాటి 30-06 తుపాకి నా ఎడమ భుజానికి చిన్నప్పటి నేస్తం, కుడి భుజానికి మాత్రం పరాయి మనిషి. తన్నిన తన్నుకు పళ్ళు కదిలాయి. 308 కొంచెం నయం, కానీ మీట నొక్కే ముందే కళ్ళు మూసుకుంటున్నానని డెల్మర్ మొహమాటం లేకుండా చెప్పాడు. కుర్రాళ్ళంతా ఎగబడి కొంటున్న 6.5 రకం కూడా చూపించాడు. అది బాగానే ఉంది గానీ, తన్ను కోసం భుజం ముందే ఎదురుచూస్తోంది. చివరికి 243 ఇచ్చాడు. పేలాక కూడా నా కళ్ళు తెరిచే ఉన్నాయి.

“పక్కటెముకల మీద కొడితే ఇది చాలమ్మా, ఊపిరితిత్తుల్లోంచి దూసుకుపోతుంది,” అన్నాడు డెల్మర్. “కానీ ఎదురు రొమ్ము మీద కొట్టకు. ఎముక దగ్గరే ఆగిపోవచ్చు. జింక పక్కకి తిరిగేదాకా ఓపిక పట్టగలనంటేనే ఇది తీసుకో. లేదంటే వద్దు.”

“పడతాను,” అన్నాను.

వేసవంతా అదే పని. ఎడమ కన్ను అడ్డురాకుండా కళ్ళద్దాల ఎడమ అద్దానికి కాగితం అంటించి, వంటింట్లో ఖాళీ తుపాకిని కుడి భుజానికెత్తి గోడ గడియారం మీద గురి పెట్టేదాన్ని. పక్కింటావిడ కిటికీలోంచి చూసి, మనిషికి మతి పోయిందని ఊరంతా చెప్పింది. చెప్పుకోనీ అనుకున్నాను. ఆకులు పండేనాటికి కుడి భుజం మాట వినడం మొదలెట్టింది.

ఇంత చేసి వస్తే, అన్నయ్య పొయ్యి ముందు కాళ్ళు చాపుకుని తీర్పు చెప్పేశాడు. “నా పాత 308 ఇస్తా, అది పట్టుకో. వద్దంటే రేపు వంట నీది. ఆ 243 మాత్రం ఈ గడప దాటడానికి వీల్లేదు.”

“వీలుందో లేదో ఇసుక గుంట దగ్గర తేల్చుకుందాం పద,” అన్నాను. “నా తుపాకి కదిలితే ఈ ఏడే కాదు, బతికున్నంత కాలం ఇక్కడ వంట నేనే చేస్తా. కదలకపోతే నోరు మూసుకుని నాన్న మంచె నాకు వదిలెయ్.”

ఇసుక గుంట దగ్గర పరీక్ష మా నాన్న పెట్టింది. వేటకు ముందు రోజు అందరూ అక్కడికి వెళ్ళాలి. మన తుపాకిలో తూటా మనం పెట్టుకోకూడదు, వేరేవాళ్ళు వెనక్కి తిరిగి పెట్టి ఇస్తారు. అది అసలు తూటానో, పేలిపోయిన ఖాళీదో మనకు తెలియదు. అసలుదైతే దూరాన ఉన్న రేకు పళ్ళేనికి తగలాలి. ఖాళీదైతే టక్కుమని ఊరుకుంటుంది, అప్పుడు తుపాకి గొట్టం రవ్వంత కూడా కదలకూడదు. కదిలిందంటే, తన్నుకు భయపడి ముందే బిగుసుకుంటున్నట్టు. అలాంటివాడు జింకను గాయపరుస్తాడే తప్ప చంపడు. వాడికి మొదటి రోజు వేట లేదు, వంటే.

కర్ట్, మెల్విన్‌ల వంతు అయ్యాక, మెల్విన్ నా తుపాకిలో తూటా పెట్టి ఇచ్చాడు. బల్ల మీద మోచేతులు ఆనించి, కుడి భుజానికెత్తాను.  ఆ బిళ్ళ గుండెను ఏ లెక్కన కొట్టిస్తోందో గానీ, నాకైతే చెవుల్లో వినబడింది. మీట నొక్కాను. పళ్ళెం గంటలా మోగింది. మళ్ళీ పెట్టి ఇచ్చాడు. నొక్కాను. టక్కుమంది. గొట్టం ఉన్నచోటే ఉంది.

“రాయి రా ఇది!” అన్నాడు మెల్విన్.

అన్నయ్య గడ్డం గోక్కున్నాడు. “సరే, పదండి లోపలికి, చలేస్తోంది.”

“ఆగన్నయ్యా. నీది కాలేదుగా?”

“నాదేంటి?”

“నాన్న పోయాక నీ తుపాకిలో ఇంకొకరు తూటా పెట్టగా నేను చూళ్ళేదు. నీకేమైనా మినహాయింపు రాసిచ్చాడా ఆయన?”

కర్ట్ బూట్ల వంక చూసుకుంటూ నసిగాడు. “అవును మామయ్యా, మీరు కూడా ఒకసారి...”

అన్నయ్య మొహం కందగడ్డ అయింది. నా చేతిలో తన 300 మాగ్నం పెట్టాడు. ఆ ప్రాంతంలో అంతకంటే గట్టిగా తన్నే తుపాకి ఎవరి దగ్గరా లేదు. వెనక్కి తిరిగి ఖాళీ తూటా పెట్టి ఇచ్చాను. ఆయన గురి చూసి, ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు. టక్కుమంది. గొట్టం మాత్రం కోడి గింజను పొడిచినట్టు కిందికి పొడుచుకుంది. భుజం ముందుకు తోసుకొచ్చింది, కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి.

ఎవరూ నవ్వలేదు. నవ్వుతారేమో, నేనూ నవ్వొచ్చనుకున్నాను గానీ నాకే నవ్వు రాలేదు. అన్నయ్య లోపలికెళ్ళి, కొక్కేనికున్న వంట గుడ్డ తీసి నడుముకు కట్టుకున్నాడు.

మర్నాడు చీకటుండగానే నాన్న మంచె ఎక్కాను. వెలుగొచ్చిన కాసేపటికి దేవదారుల్లోంచి పోతుజింక వచ్చింది. అమ్మో, ఏం జింక! మెడ దున్నపోతు మెడలా ఉంది, కొమ్ములు చెవులు దాటి బయటికి చాచుకున్నాయి. అంత పెద్దదాన్ని నేను ఇంతవరకూ గురిలో చూడలేదు. కానీ తిన్నగా నా వైపే మొహం పెట్టి నిలబడింది. రొమ్ము, ముక్కు, కొమ్ములు, అంతే. పక్క ఇవ్వదు. “తిరుగు తల్లీ, తిరుగు నాయనా,” అని లోపల్లోపల బతిమాలాను. నాన్న 30-06 అయితే ఈపాటికి నొక్కేసేదాన్ని. వేలు మీట దాకా వెళ్ళింది. ఒప్పుకున్నానుగా డెల్మర్‌కి, పడతానని. వేలు వెనక్కి తీసుకున్నాను. జింక తోక ఎత్తి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.  ఏడుపొక్కటే తక్కువ.

సాయంత్రం క్యాంపుకు వెళ్ళేసరికి అన్నయ్య కూరగాయల సూప్‌లో గరిటె తిప్పుతున్నాడు. కర్ట్, మెల్విన్ ఇంకా రాలేదు.

“చప్పుడు వినబడలేదే. ఏమీ రాలేదా?”

అబద్ధం చెబుదామనుకున్నాను, చెప్పలేకపోయాను. “వచ్చింది. అన్నిటినీ తలదన్నే పోతు. ఎదురు మొహం పెట్టింది. పక్కకి తిరగలేదు.”

ఇక అంటాడనుకున్నాను, నా మాగ్నం అయితే అక్కడే కూలేదని. జవాబు కూడా నాలుక మీద సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన గరిటె పక్కన పెట్టి, బల్ల మీద కూలబడ్డాడు.

“వదిలేశావా?”

“వదిలేశా.”

“నేనైతే కొట్టేసేవాణ్ణి,” అన్నాడు. “కళ్ళు మూసుకుని.” కాసేపు మోకాళ్ళు రుద్దుకున్నాడు. “నిజం చెప్పనా హిల్మా? గాయపడ్డ జింక వెంట నేను నడవలేను. ఈ మోకాళ్ళు అయిపోయాయి. నిలబడ్డ చోటే పడిపోవాలని ఆ పెద్దది కొన్నా. ఇప్పుడు జింక కంటే నేనే దానికి ఎక్కువ భయపడుతున్నా. చూడు.” చొక్కా పక్కకు లాగాడు. భుజమంతా నల్లగా, పసుపుగా కమిలిపోయి ఉంది.

“ఓరి దేవుడా! ఇదేంటన్నయ్యా, చెప్పవేం?”

“క్యాంపు పెద్దని కదా, ఎలా చెప్తానే?” అన్నాడు. నాకు ఆయన మీదున్న కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. సూప్ గిన్నెలో పోసి నా ముందు పెట్టాడు. “రేపు గాలి ఉత్తరం నుంచి వీస్తుంది. నాన్న మంచెకి వద్దు, గుట్ట మీద నా మంచెకెళ్ళు. అక్కడ బాట మంచెకి అడ్డంగా పోతుంది, వచ్చే జింక పక్క చూపించక తప్పదు.”

ఆ మంచె ఆయన కన్నకూతురికి కూడా ఇవ్వలేదు. థాంక్స్ చెబితే ఏడుస్తానని సూప్‌లో ఉప్పు తక్కువైందన్నాను.

మర్నాడు పొద్దెక్కాక గుట్ట బాట మీద ఓ మోస్తరు పోతు వచ్చింది. నిన్నటిదాని ముందు ఇది తమ్ముడు. అడ్డంగా నడుస్తూ, ముందు కాలు సాచి ఆగింది. పక్కటెముకలు నా గురిలో నిండుగా ఉన్నాయి. కళ్ళు తెరిచే నొక్కాను. జింక ఎగిరి, నాలుగు గంతులేసి, ఫర్ చెట్టు మొదట్లో ఒరిగిపోయింది.  మళ్ళీ లేస్తుందేమోనని కాసేపు మంచె మీదే కాచుకున్నాను.

దిగి జింక దగ్గర మోకాళ్ళ మీద వంగేసరికి వెనక ఆయాసం వినబడింది. అన్నయ్య! చేతికర్ర పొడుచుకుంటూ, మంచు మీద జింకను లాగే జారుడు బల్ల తాడు భుజాన వేసుకుని గుట్ట ఎక్కి వస్తున్నాడు.

“ఎక్కడ పడింది?” అన్నాడు. తగిలిందా అని అడగలేదు.

“నిన్నెవరు రమ్మన్నారు ఆ కాళ్ళతో? కర్ట్ వచ్చేవాడుగా!”

“నోర్ముయ్. తాడు పట్టు,” అన్నాడు, రొప్పుతూ.

క్యాంపు నుంచి ఆ గుట్ట మీదికి, ఆ మోకాళ్ళతో, రావాలంటే ఎంత సేపు పడుతుందో నాకు తెలుసు. నా తుపాకి పేలకముందే ఆయన బల్ల లాక్కుంటూ బయలుదేరాడు.