ఖాళీ మేకు

ఆ షెడ్డు గోడకు ఐదు మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో ఎర్ర తాడు. తాడంటే మోకు కాదు. జానెడు పొడవు, బూటు లేసు కన్నా కాస్త వెడల్పు, అంతే. పారాచూట్ గుడ్డను మడిచి సంచిలో కూరాక, నాలుగు రెక్కలనూ ఒకచోటికి చేర్చేది ఆ తాడే. రెక్కల కన్నాల్లోంచి చిన్న ఉచ్చును దానితో పైకి లాగాలి, ఉచ్చులో ఇనుప పిన్ను దూర్చాలి, ఆ తర్వాత తాడును మెల్లగా బయటికి లాగేయాలి. లాగిన తాడు మళ్ళీ మేకెక్కాలి. ఎక్కలేదంటే పిన్ను కిందే ఉండిపోయిందన్నమాట. పైన ఆకాశంలో ఆ పిన్ను బిగుసుకుపోయిందంటే పారాచూట్ సంచిలోంచి బయటికి రాదు.

"మేకు ఖాళీగా ఉంటే విమానం నేల మీద ఉండాలి," అనేవాడు మేస్త్రి. ముప్ఫై ఏళ్ళుగా పారాచూట్లు మడుస్తున్న మనిషి. రోజు మొత్తంలో ఆయన నోటి నుంచి వచ్చే మాటలు పదో పన్నెండో. అందులో ఇదొకటి.

ఆ మాట విన్నందుకే ఆయన దగ్గర మడతలు వేసే పిల్లకు బ్రేకమ్మ అని పేరొచ్చింది. రెండు నెలల క్రితం ఒక తాడు కనిపించక, గాల్లోకి లేచిన విమానాన్ని కిందికి దింపించింది. తీరా చూస్తే తాడు ఆమె జడలోనే చిక్కుకుని ఉంది. దూకడానికి వచ్చినవాళ్ళు పడీపడీ నవ్వారు. పళ్ళ డాక్టరైతే వారం రోజులు వదల్లేదు. "నా దగ్గర పన్ను పీకితే పన్ను నా చేతిలోనే ఉంటుందమ్మా, నా జుట్టులో వెతకను," అనేవాడు. అప్పట్నుంచి ఆమె జడను ముడి వేసి, ముడికి గుడ్డ కట్టుకుంటోంది. పేరు మాత్రం ఊడలేదు.

ఆ రోజు పొద్దుటి నుంచే పడమటి వైపు మబ్బు కమ్ముకొస్తోంది. గంటలోపు దూకకపోతే ఇక ఆ రోజుకు లేదన్నాడు పైలట్. ఏడుగురికి ఏడు సంచులు. మేస్త్రి ఆయిలు బండి దగ్గర ఇరుక్కుపోయాడు. బ్రేకమ్మ ఒక్కతే పొడవాటి చాప మీద మోకాళ్ళతో పాకుతూ మడుస్తోంది.

పక్కనే ఆమె వదిన బోర్లా పడుకుని ఉంది. చేతులు, కాళ్ళు, తల నేల నుంచి పైకెత్తి, కడుపు ఒక్కటీ నేలకు ఆనించి, విల్లులా వంగి లెక్కపెడుతోంది. "ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది... పిల్లా, నా సంచి జాగ్రత్త... ముప్ఫై."

వదినది టికెట్ల కౌంటర్లో ఉద్యోగం. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలోనే. నడుము పట్టేసి ఒక ఏడాది వంగలేకపోయింది. వీపు, పొట్ట గట్టిపడే వ్యాయామం చెయ్యమన్నాడు వైద్యుడు. నడక మొదలుపెట్టింది, విసుగొచ్చింది. జిమ్ముకు వెళ్ళింది, అదీ విసుగొచ్చింది. ఒకసారి ఆడపడుచు పని చేసేచోటు చూద్దామని వచ్చి, పంతానికి దూకింది. మర్నాడు ఒళ్ళంతా రోట్లో వేసి దంచినట్టయింది. "గాలి అంటే గాలి కాదే, గోడ. గోడ మీద పడుకుని నిమిషం పాటు కదలకుండా వంగి ఉండాలి. ఏ జిమ్ములో ఉంది ఇది?" అంది మంచం మీద నుంచే. ఇక ఆ నిమిషం కోసం రోజూ ఇంట్లో బోర్లా పడుకోవడం, మెట్లెక్కడం, గుంజీలు తియ్యడం. నడుము నొప్పి ఎప్పుడు పోయిందో ఆమెకే తెలీదు.

"వ్యాయామం కావాలంటే మేడ ఎక్కి దిగు, మేఘాలెందుకు?" అని అన్న గొణిగేవాడు. గొణుగుతూనే ఆమె బూట్లు తుడిచి పెట్టేవాడు.

"ఏం బ్రేకమ్మా, ఇవాళ బ్రేకు పనిచేస్తోందా?" అంటూ పళ్ళ డాక్టరు మీదికొచ్చి నిలబడ్డాడు. "త్వరగా కానియ్. మబ్బు నీ కోసం ఆగదు."

"ఒక్క నిమిషం డాక్టరుగారూ."

"ఆ నిమిషంలో నేను రెండు పళ్ళు పీకుతా."

ఆమె తలెత్తి నవ్వబోయేలోగా సంచి ఆయన భుజానికెక్కింది. ఎక్కే ముందు ఒకరి పిన్ను మరొకరు చూడాలన్నది నియమం. వదిన ఆయన వీపు మీది మూత ఎత్తబోతే, "మా ఆవిడ కూడా నన్నింత తనిఖీ చెయ్యదు, పదండి," అని తప్పించుకుని పరిగెత్తాడు. విమానం లేచింది.

షెడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. బ్రేకమ్మ చాప మడిచి, నీళ్ళు తాగి, గోడ వైపు చూసింది. నాలుగు తాళ్ళే ఉన్నాయి.

మొదట చెయ్యి ముడి మీదికి వెళ్ళింది. గుడ్డ విప్పి జుట్టంతా తడుముకుంది. లేదు. చాప విప్పి దులిపింది. బల్ల కింద చూసింది, చెత్తబుట్ట బోర్లించింది, చెప్పులు తిరగేసింది. గోడ గడియారం ముల్లు కదులుతూనే ఉంది. విమానం పైకి చేరడానికి పదమూడు నిమిషాలు. లేచి ఎనిమిది అయింది. రేడియో కిటికీ పక్కనే, చెయ్యి చాస్తే అందే దూరంలో ఉంది.

చాచలేదు. మళ్ళీ ఎక్కడో దొరికితే? మబ్బుతో పోగొట్టుకున్న రోజుకు ఏడుగురూ తననే చూస్తారు. ఈసారి ఏం పేరు పెడతారో. ఇంకొక్కసారి వెతుకుదామనుకుంది. మళ్ళీ చాప, మళ్ళీ బల్ల. వేళ్ళను అడిగింది, ఏ సంచి దగ్గర తాడు మరిచాయని. ఏడు సంచులకూ ఒకేలా చేసిన వేళ్ళు ఏం చెబుతాయి? వాటిలో ఒకటి వదినది.

పద్నాలుగో నిమిషంలో మేస్త్రి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమెను చూడలేదు. గోడను చూశాడు.

"మేస్త్రిగారూ..." అందామె.

ఆయన రెండంగల్లో రేడియో అందుకున్నాడు. "ఆపు. ఎవర్నీ దూకనియ్యకు. అందర్నీ తీసుకుని దిగు."

కాసేపు గరగర. తర్వాత పైలట్ గొంతు: "తలుపు తీసేశాం. ఇద్దరు వెళ్ళిపోయారు. మిగతావాళ్ళని ఆపాను."

"ఎవరా ఇద్దరు?"

"ముందు పొడుగాయన. తర్వాత టికెట్ల మేడమ్."

బ్రేకమ్మ బయటికి పరిగెత్తింది. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. మబ్బు అంచున రెండు నల్ల చుక్కలు. వీపున రెండో పారాచూట్ ఉంటుంది, నిజమే. కానీ మొదటిది రాదని గ్రహించి రెండోది లాగడానికి ఉండేవి కొన్ని క్షణాలే. ఆ క్షణాల్లో తల పనిచెయ్యాలి, చెయ్యి పనిచెయ్యాలి.

ఒక చుక్క విచ్చుకుంది. నీలం. పొడుగాయనది.

రెండోది పడుతూనే ఉంది. "ఎప్పుడూ ఇంత కిందికి రాదు కదా," అంది బ్రేకమ్మ. మేస్త్రి పెదవులు కదులుతున్నాయి, ఏవో అంకెలు. ఆమె తన ఎడమ చేతి వేళ్ళను కుడి చేత్తో పట్టుకుని నలిపేస్తోంది. చుక్కకు కాళ్ళూ చేతులూ కనిపించాయి. వదిన నేల మీద వంగినట్టే గాల్లోనూ వంగి ఉంది.

నారింజ రంగు గుడ్డ భళ్ళున తెరుచుకుంది. బ్రేకమ్మ మడిచిన గుడ్డే.

ఆమె నలిపేస్తున్న వేళ్ళను వదిలింది.

విమానం దిగాక మేస్త్రి ఐదుగురినీ వరసగా నిలబెట్టి, ఒక్కో వీపు మీది మూతా ఎత్తాడు. ఒకటి, రెండు, మూడు, ఏమీ లేదు. నాలుగో మనిషి పళ్ళ డాక్టరు. "ఈసారి ఎక్కడ దొరికింది, జడలోనా, చెవిలోనా?" అంటూనే ఉన్నాడు. మూత లేచింది. ఎర్ర తాడు పిన్ను చుట్టూ ఒక మెలిక పడి, నాలుకలా బయటికి వేలాడుతోంది.

మేస్త్రి దాన్ని ఆయన కళ్ళ ముందుకు తెచ్చి పట్టుకున్నాడు. డాక్టరు దాన్ని చూశాడు, ఆకాశం వైపు చూశాడు, నేల మీద కూర్చుండిపోయాడు. "తర్వాత నా వంతే," అన్నాడు, ఎవరితోనో తెలీనట్టు.

"పిల్ల బతికించింది," అన్నారెవరో. "బ్రేకమ్మ కాదురా, ప్రాణమమ్మ," అన్నారింకొకరు. భుజం తట్టారు. తట్టిన ప్రతి చెయ్యీ బ్రేకమ్మకు బరువుగా తగిలింది.

వదిన గుడ్డ చుట్ట భుజాన వేసుకుని, చెమటలు కారుస్తూ మైదానం దాటి వచ్చింది. సంగతంతా విని, "శభాష్," అంది.

"శభాష్ కాదు వదినా," అంది బ్రేకమ్మ. "ముందే చూశాను. ఎనిమిదో నిమిషంలో చూశాను. ఆరు నిమిషాలు వెతుకుతూ కూర్చున్నాను. నేను చెప్పలేదు కూడా, మేస్త్రిగారే వచ్చి చూశారు."

"ఎందుకు చెప్పలేదు?"

"నవ్వుతారని."

డాక్టరు తల వంచుకున్నాడు. వదిన ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. "ఆ ఆరు నిమిషాలూ అయ్యేసరికి నేను తలుపులో నిలబడ్డానే," అంది నెమ్మదిగా. "నా వీపున ఉన్నదేదో నీకు తెలీదు. నాకూ తెలీదు."

"తెలీదు వదినా."

మేస్త్రి తాడును బ్రేకమ్మ చేతిలో పెట్టాడు. "నెల రోజులు నువ్వు మడిచిన ప్రతి సంచీ నేను చూశాకే వెళ్తుంది," అన్నాడు. తర్వాత డాక్టరు వైపు తిరిగాడు. "మూత చూడనివ్వని మనిషి ఇక విమానం ఎక్కడు."

అందరూ వెళ్ళారు. వదిన వెళ్ళలేదు. నారింజ గుడ్డను చాప మీద పడేసి, పక్కనే బోర్లా పడుకుంది. దూకిన తర్వాత కూడా ముప్ఫై చెయ్యకపోతే నడుము బిగుసుకుంటుంది ఆమెకు. ముఖం మాత్రం గోడ వైపు, మేకులు కనిపించేలా.

"మడువు," అంది. "చూస్తూనే ఉంటా. ఒకటి... రెండు..."

బ్రేకమ్మ వేసిన మొదటి మడత వంకరపోయింది. విప్పి మళ్ళీ వేసింది. వదిన లెక్క ఆగలేదు, తొందరా పెట్టలేదు. గుడ్డ సంచిలోకి వెళ్ళింది, రెక్కలు కలిశాయి, పిన్ను పడింది. తాడు బయటికొచ్చింది. లేచి మేకుకు తగిలించింది.

"ఐదు," అంది గట్టిగా, గోడకేసి.

"ముప్ఫై," అంది వదిన, చేతులు నేలకు దించుతూ. "ఇంకోసారి చెప్పు."

"ఐదు వదినా."