వెలిగిన పెదవులు

ఆ మధ్యాహ్నం కొత్త కోడలికి కాళ్ళు నేల మీద నిలవలేదు. చీకట్లో వెలిగే పొడి కొనితెచ్చి, జిగురులో కలిపి, తనే రంగు తయారుచేసింది. పడకగది పైకప్పు నిండా చుక్కలు పెట్టి మొగుణ్ణి మురిపించాలని ఆమె ఆశ. రంగు కలపడానికి చేతికందిన టీ కప్పు వాడి, కడిగి, మళ్ళీ వరసలో బోర్లించేసింది.

"మొహం నిండా ఆ పిండేంటమ్మా, మిల్లులో పడ్డావా?" అంది అత్తగారు.

"రంగు అత్తయ్యా. ఆయనకి చెప్పకండేం," అంటూ పైటచెంగుతో తుడుచుకుంది.

సాయంత్రం అతను కళ్ళజోళ్ళ దుకాణం నుంచి వచ్చాడు. గుమ్మంలో దొంగముద్దొకటి పెట్టి, వంటింట్లో టీ తాగి, ఆమె రమ్మంటే గదిలోకి వచ్చాడు. ఆమె తెర లాగి దీపం ఆర్పింది. పైకప్పు మీద చుక్కలు పూశాయి.

"అబ్బ, ఎంత బాగుందో," అన్నాడతను.

ఆ మాటతోపాటు చీకట్లో రెండు పచ్చటి పెదవులు కదిలాయి.

ఆమె గుండె గుభేలుమంది. రంగు కలిపిన టీ కప్పు! ఆ పొడి విషమో కాదో కూడా తెలియదు. పొట్లం మీద ఏం రాసుందో చదవకుండానే చింపి పారేసింది.

"కడుపులో తిప్పుతోందా?"

"లేదే. ఏమైంది?"

"నాలుక చాపండి."

నాలుక వెలగలేదు. అంటే అంతా లోపలికి దిగిపోయిందన్నమాట. చేతులారా మొగుణ్ణి చంపుకుంటున్నానా?

"అత్తయ్యా, ఆయనకి టీ ఏ కప్పులో ఇచ్చారు?" అని వంటింటి వైపు కేకేసింది.

అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. "గ్లాసులో ఇచ్చాను. ఒక కప్పు జిగురు కంపు కొడుతుంటే తీసి పక్కన పడేశా."

"మరి ఆ పెదాలు?"

అత్తగారు చీకట్లో కొడుకునీ కోడల్నీ మార్చి మార్చి చూసింది. "నన్నడుగుతావేంటమ్మా? వెళ్ళి అద్దంలో చూసుకో."

అద్దంలో ఆమె బుగ్గ పచ్చగా మెరుస్తోంది. నడిమధ్యన మాత్రం పెదవులంత మేర నల్లగా ఉంది.

"నేనేం చూళ్ళేదు," అంటూ అత్తగారు వెళ్ళిపోయింది.

సిగ్గు ముంచుకొచ్చినా ఆమె భయం తీరలేదు. తన బుగ్గా, అతని మూతీ సబ్బుతో రుద్ది కడిగింది. దీపం ఆర్పి చూసింది, వేసి మళ్ళీ కడిగింది, మళ్ళీ ఆర్పింది. చివరికి చుక్కలు తప్ప ఇంకేదీ వెలగలేదు. అప్పుడు గానీ ఆమె ఊపిరి కుదురుకోలేదు.

"తోలూడిపోయింది," అన్నాడతను చీకట్లో. "ఈసారి నువ్వు మొహం కడుక్కున్నాకే గుమ్మం ఎక్కుతా."