సన్యాసమ్మ పేడతొట్టి

బాగ్‌బేరాలో పాలమ్ముకునే సన్యాసమ్మ గేదెల పేడంతా వాన పడితే చాలు, కాలువలోకి, అక్కణ్ణించి నదిలోకి పోయేది. నీళ్లు పాడవుతున్నాయని ఎనభై నాలుగులో సర్కారు గ్రాంటిచ్చి ఆమె పెరట్లో పేడతొట్టి కట్టించింది. సిమెంటు నేల, ఇటుక గోడలు, వాన పడకుండా పైన రేకులు.

రెండు నెలలకు తనిఖీకొచ్చిన ఆఫీసరు తొట్టిలో మంచం, పొయ్యి, దేవుడి పటం చూసి నోరెళ్లబెట్టాడు.

“గోబర్ కహాఁ హై?” పేడేదంటూ గద్దించాడు.

సన్యాసమ్మకు ఒళ్లు మండింది. “పేడకి మేడ కట్టి, మనుసుల్ని వానలో తడవమంటారేటి బాబూ? పేడని మా గుడిసెలో ఎట్టినాను. అది కారతంది, పేడంతా మళ్లీ కాలవలోకే పోతంది. ఆ గుడిసెకి కూడా ఓ గ్రాంటు రాసుకోండి!”